వెలుగు చెప్పిందల్లా నిజమేనా?

మోకాలు గీరుకుపోయినప్పుడు చిన్నతనంలో కాంపౌండరు పోసిన మందు గుర్తుందా మీకు? గోధుమరంగు సీసా వంచి నాలుగు చుక్కలు పోయగానే గాయం మీద తెల్లటి నురగ బుసబుస పొంగేది. మనం కెవ్వుమంటే, "ఏం కాదులే బిడ్డా, పురుగులు చస్తున్నయ్" అని ఊరడించేవాడు. ఆ మందు పేరు హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇప్పటికీ మా శంషాబాద్‌లో ఏ మందుల షాపుకు పోయి అడిగినా దొరుకుతుంది. నీటిలో ఏమున్నాయో అందులోనూ అవే ఉన్నాయి, కాకపోతే ఒక ఆక్సిజన్ పరమాణువు ఎక్కువ. దాని దుడుకుతనానికంతటికీ మూలం ఆ ఎక్కువైన ఒక్కటే. మన రక్తంలో కెటలేజ్ అని ఒక ఎంజైము ఉంటుంది. అది పెరాక్సైడ్‌ను పట్టుకుని నీళ్లుగానూ ఆక్సిజన్‌గానూ విడగొట్టేస్తుంది. నురగలో బుడగలు కట్టేది ఆ ఆక్సిజనే.

ఇవాళ్టి కబుర్లు ఆ అణువు గురించే. ఎందుకంటారా? అది సీసాలోనే లేదండీ. మీరీ మాట చదువుతున్న క్షణంలో మీ ఒంట్లోని కణాల్లోనూ తయారవుతోంది, తయారైనంత వేగంగా మాయమవుతోంది. ఎంత ఉంటుందో ఒక్కసారి లెక్క చూడండి. మందుల షాపు సీసాలో మూడు శాతం ఉంటుంది. కణంలో మామూలుగా ఉండేది కొన్ని నానోమోలార్లు, మహా అయితే కొన్ని పదులు. పది నానోమోలార్లనే అనుకుని భాగించి చూస్తే, సీసాలోది కణంలోదానికంటే దాదాపు తొమ్మిది కోట్ల రెట్లు చిక్కన. అంత పలచగా ఉన్నది మోతాదు మించితే డీఎన్‌ఏకూ ప్రోటీన్లకూ చేటు చేస్తుంది. మోతాదులో ఉంటే కణానికి కబురందించే దూతగా పనిచేస్తుంది. దాన్ని గమనించడం అందుకే ముఖ్యం. అయితే కణాన్ని నూరకుండా, చంపకుండా, అది బతికుండగానే చూడటమెలా?

ఆ పని ఎంత అందంగా జరిగిందో ముందు చెప్తాను, ఎలా జరిగిందో తర్వాత చూద్దాం. 2009లో హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిలిప్ నీత్‌హామర్, టిమ్ మిచిసన్, వాళ్ల తోటివాళ్లు కలిసి ఒక చేపపిల్ల మీద ప్రయోగం చేశారు. జీబ్రాఫిష్. మన దేశపు వాగుల్లో, మడుగుల్లో, వరిపొలాల నీళ్లలో తిరిగే చిన్న చారల చేపే అది. దాని పిల్ల అద్దంలా ఉంటుంది, సూక్ష్మదర్శిని కింద పెడితే లోపలంతా కనిపిస్తుంది. పెరాక్సైడ్ తగిలితే రంగు లెక్క మారే ఒక ప్రోటీనును దాని ఒళ్లంతా ముందే తయారయ్యేలా చేశారు. తర్వాత తోక రెక్క కొసను చిన్నగా కోశారు. కొద్ది నిమిషాల్లోనే కోసిన అంచు వెంబడి పెరాక్సైడ్ లేచింది. ఇరవై నిమిషాలయ్యేసరికి పతాకస్థాయికి చేరింది. అంచు దగ్గర ఎక్కువగా, లోపలికి పోయేకొద్దీ తక్కువగా, 100 నుంచి 200 మైక్రోమీటర్ల దాకా పరుచుకుంది. తెల్ల రక్తకణాలు ఆ తర్వాత గానీ అక్కడికి రాలేదు. పెరాక్సైడ్‌ను తయారుచేసే డ్యువాక్స్ అనే ఎంజైమును ఆపేస్తే ఆ పరుచుకోవడమూ లేదు, తెల్లకణాలు రావడమూ లేదు.

అంటే ఏమన్నమాట? కాంపౌండరు సీసాలోంచి పోసిన మందునే శరీరం అంతకంటే ముందే, ఎన్నో వేల రెట్లు పలచగా, తనంతట తాను గాయం దగ్గర తయారుచేసుకుంటోంది. దాంతో తెల్లకణాలకు కబురు పెడుతోంది. ఈ ముక్క తెలిసినప్పటినుంచీ గాయం మీద నురగ చూస్తే నాకు వేరేగా అనిపిస్తోంది.

దీనికి ముందు కణం లోపలి రసాయనాన్ని కొలవాలంటే ఏం చేసేవాళ్లు? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారినే తీసుకోండి. ఆయన కూడా అదే హార్వర్డ్ వైద్య కళాశాలలో, సైరస్ ఫిస్కేతో కలిసి, 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేట్ కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. ఆ నీలాన్ని పట్టుకునే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏటీపీనీ బయటికి తీశారు. బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్లూ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి చేతులారా చేసినవాళ్లే. గొప్ప పద్ధతి, సందేహం లేదు. కానీ దానికి కండరం కావాలి. కోసి, ప్రోటీనంతా తొలగించి, వడకట్టి తీసిన రసం కావాలి. ఆ రసం ఏ కణంలో, ఏ మూల, ఏ నిమిషంలో ఏమి జరిగిందో చెప్పలేదు. భాస్వరంలా నిలకడగా ఉండేదైతే సరే. పుట్టిన క్షణంలోనే పోయే పెరాక్సైడ్ లాంటివి నూరేలోపే మాయమవుతాయి. రంగుతో కొలవాలన్న సుబ్బారావుగారి ఆలోచన అలాగే ఉండాలి, రంగు మాత్రం బతికున్న కణంలోనే పుట్టాలి. కావలసింది అదీ.

అది సముద్రంలోంచి వచ్చింది. ఒసాము షిమొమురా అనే జపాను శాస్త్రజ్ఞుడు అమెరికా పడమటి తీరంలో ఫ్రైడే హార్బర్ దగ్గర జెల్లీఫిష్‌లు పట్టి, వాటి అంచులు కోసి, మెరిసే పదార్థాన్ని వేరుచేశాడు. 1962లో ప్రకటించిన ఆ పనిలో అసలు ప్రోటీను పక్కన చిన్న ప్రస్తావనగా వచ్చింది ఆకుపచ్చ ప్రోటీను. తర్వాత ఏళ్ల తరబడి ఆయనా, ఆయన భార్యాపిల్లలూ, తోటివాళ్లూ కలిసి పట్టిన జెల్లీఫిష్‌లు దాదాపు ఎనిమిదిన్నర లక్షలు. 1992లో డగ్లస్ ప్రాషర్ దాని జన్యువును పట్టుకున్నాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ జన్యువును ఒక బాక్టీరియాలోనూ ఒక చిన్న నులిపురుగులోనూ పెట్టి అవి పచ్చగా వెలగడం చూపించాడు. రోజర్ చెన్ దానికి మెరుపు పెంచి, రంగులు మార్చి, పనిముట్టుగా తీర్చాడు. మా శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరులో షిమొమురా, చాల్ఫీ, చెన్ ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఆ ప్రోటీను నిర్మాణం చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు, కాస్త ఓపిక పట్టండి. 238 అమైనో ఆమ్లాల గొలుసు. అది 11 పోగులుగా మడతపడి గొట్టంలా నిలబడుతుంది. గొట్టం నడుమ 65, 66, 67 స్థానాల్లో ఉన్న సెరీన్, టైరోసిన్, గ్లైసిన్ ఒకదాంతో ఒకటి ముడిపడి రంగునిచ్చే భాగంగా మారిపోతాయి. బయటినుంచి ఏ రంగూ కలపక్కర్లేదు, ఏ ఎంజైమూ అక్కర్లేదు, కాస్త ఆక్సిజన్ ఉంటే చాలు. ఇక్కడొక విచిత్రం వినండి. ఆ రంగు పుట్టే చర్యలో ప్రతి ప్రోటీనుకూ ఒక హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు బయటపడుతుంది. పెరాక్సైడ్‌ను కనిపెట్టడానికి పెట్టిన కాపలాదారే పుడుతూ పుడుతూ ఒక్కొక్క పెరాక్సైడ్ అణువును కంటున్నాడు. కణానికి ఇది పెద్ద భారం కాకపోవచ్చు, అయినా కొలిచేవాడు మర్చిపోకూడని సంగతి.

ఆ రంగు భాగం రెండు రూపాల్లో ఉంటుంది. ఒక ప్రోటాను పట్టుకుని ఉన్న రూపం ఊదా కాంతిని పీలుస్తుంది, వదిలేసిన రూపం నీలి కాంతిని పీలుస్తుంది. ఏది పీల్చినా చివరికి వెలిగేది పచ్చగానే. ఈ రెండు రూపాల పాళ్లు గొట్టం ఎంత బిగువుగా ఉంది, లోపల ఏ పక్క ఏముంది అన్నదాన్ని బట్టి మారతాయి. అంటే గొట్టాన్ని కాస్త కదిలించగలిగితే రంగు లెక్క మారుతుంది. మనకు కావలసిన అణువు వచ్చినప్పుడు మాత్రమే అది కదిలేలా చెయ్యడమే ఈ విద్యలోని పనితనమంతా.

2006లో మాస్కోలో వ్సెవొలోద్ బెలౌసోవ్, సెర్గెయ్ లుక్యానోవ్ బృందం ఈ పని పెరాక్సైడ్ కోసం చేసింది. వాళ్లు కొత్తగా ఏదీ కల్పించలేదు, బాక్టీరియాను అడిగారు. మన పేగుల్లో ఉండే ఇ. కోలై బాక్టీరియాకు పెరాక్సైడ్ తగిలితే పసిగట్టడానికి ఆక్సీఆర్ అని ఒక ప్రోటీను ఉంది. అందులో 199వ స్థానంలో ఒక సిస్టీన్, 208వ స్థానంలో ఇంకో సిస్టీన్. సిస్టీన్లంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు. పెరాక్సైడ్ వచ్చి 199ని తాకగానే అది 208తో గంధకపు బంధం వేసుకుంటుంది, నడుమ ఉన్న ముక్కంతా మెలి తిరుగుతుంది. సరిగ్గా ఆ మెలి తిరిగే చోట, 205కీ 206కీ మధ్య, పచ్చ ప్రోటీనుకు చుట్టమైన పసుపు ప్రోటీనును చొప్పించారు. మామూలు పసుపు ప్రోటీను కాదది. దాని మొదటి కొసనూ చివరి కొసనూ చిన్న ముక్కతో కలిపేసి, రంగు భాగానికి దగ్గరలో ఇంకోచోట తెంచి కొత్త కొసలు చేశారు. ఈ ఉపాయం 1999లో చెన్ ప్రయోగశాల నుంచే వచ్చింది. అలా తెంచిన చోటునుంచి అతికితే ఆక్సీఆర్ మెలి తిరిగినప్పుడల్లా రంగు భాగానికి కుదుపు తగులుతుంది. ఈ ప్రోటీనుకు హైపర్ అని పేరు పెట్టారు. చేపపిల్ల తోకలో పనిచేసింది ఇదే.

చెప్పడానికి రెండు వాక్యాలు. చేసేవాళ్లకు నెలలూ ఏళ్లూ పడుతుంది. ఎక్కడ చొప్పించాలి, అతికే ముక్క ఒక అమైనో ఆమ్లమా రెండా, ఏవి పెడితే మెలి సరిగా అందుతుంది అన్నవి ముందుగా ఎవరూ చెప్పలేరు. ఎన్నో రకాలు తయారుచేసి బాక్టీరియాలో పెట్టి, పళ్లెంలో చుక్కలు చుక్కలుగా పెరిగిన కాలనీల మీద పెరాక్సైడ్ చల్లి, ఏది ఎక్కువ మారిందో వెతుక్కుంటారు. దొరికిన దాన్ని మళ్లీ మారుస్తారు, మళ్లీ వెతుకుతారు. ఓపికకు ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదు.

ఇప్పుడు కొలత సంగతి. కణం ఒకటి పచ్చగా బాగా వెలిగింది, పక్కది మందంగా వెలిగింది అనుకోండి. మొదటిదాంట్లో పెరాక్సైడ్ ఎక్కువనా? కాకపోవచ్చు. అందులో ప్రోటీనే ఎక్కువ తయారై ఉండొచ్చు, కణం దళసరిగా ఉండొచ్చు, సూక్ష్మదర్శిని దీపమే కాస్త తగ్గి ఉండొచ్చు. దీనికి విరుగుడు మా ఊళ్లోనే ఉంది. రాత్రిపూట శంషాబాద్‌లో దిగే పైలట్‌కు రన్‌వే పక్కన వరసగా నాలుగు దీపాలు కనిపిస్తాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే సరైన వాలులో వస్తున్నట్టు. నాలుగూ తెలుపైతే మరీ ఎత్తులో ఉన్నట్టు, నాలుగూ ఎరుపైతే ప్రమాదకరంగా కిందికి దిగుతున్నట్టు. మంచు పట్టి దీపాలు మసకబారినా పైలట్‌కు ఇబ్బంది లేదు, అతను చూసేది ఎంత వెలుగు అని కాదు, తెలుపెన్ని ఎరుపెన్ని అని. హైపర్‌ను వాడేవాళ్లు చేసేదీ ఇదే. ఒకసారి ఊదా కాంతి వేసి పచ్చదనం కొలుస్తారు, వెంటనే నీలి కాంతి వేసి కొలుస్తారు, రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తారు. పెరాక్సైడ్ తగిలితే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. ప్రోటీను ఎంత ఉందన్నది భాగహారంలో కొట్టుకుపోతుంది.

హమ్మయ్య అనుకున్నారా? అసలు చిక్కు ఇక్కడినుంచే. తెంచి అతికించిన పసుపు ప్రోటీనుకు రంగు భాగం పక్కనే తలుపు తెరిచినట్టయింది. బయటి ప్రోటాన్లు లోపలికీ, లోపలివి బయటికీ తేలిగ్గా పోతాయి. ప్రోటాను పట్టుకున్నదా వదిలిందా అన్నదే కదా మన లెక్కంతా! అంటే కణంలో పీహెచ్, అదే ఆమ్లత క్షారతల కొలత, కాస్త మారినా చాలు, పెరాక్సైడ్ లేకుండానే రంగు లెక్క మారిపోతుంది. ప్రోటీను అబద్ధమాడటం లేదు. మనం అడిగిన ప్రశ్నకు కాకుండా ఇంకో ప్రశ్నకు జవాబు చెప్తోంది.

ఇది ఊహ కాదు, పెద్ద తగువే అయింది. మళ్లీ 2008లోనే, హెపింగ్ చెంగ్ బృందం తెంచి అతికించిన పసుపు ప్రోటీనును ఒంటరిగా, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో పెట్టి చూసింది. ఒక్కొక్క మైటోకాండ్రియా ఉన్నట్టుండి మెరిసి, కాసేపటికి మామూలైంది. ఇవి సూపరాక్సైడ్ మెరుపులని వాళ్లు ప్రకటించారు. సూపరాక్సైడ్ అంటే పెరాక్సైడ్‌కు ముందు పుట్టే, అంతకంటే దుడుకైన ఆక్సిజన్ రూపం. శాస్త్రలోకం ఉత్సాహపడింది. కానీ మార్కుస్ ష్వార్ట్స్‌లెండర్, తోటివాళ్లు 2011లో అదే ప్రోటీనును పరీక్షించి, ఇది పీహెచ్‌కు గట్టిగా పలుకుతోంది, సూపరాక్సైడ్‌కు పలకడం లేదు, మెరుపులన్నీ మైటోకాండ్రియా లోపల క్షారత పెరిగిన క్షణాలే అన్నారు. వాదన 2014లో 'నేచర్' పత్రిక దాకా వెళ్లింది. ఆ మెరుపులు ఉన్నమాట వాస్తవం, వాటికి జీవంలో ఏదో పాత్ర ఉండటమూ నిజమే కావచ్చు. అవి దేని మెరుపులన్నదే తేలాల్సింది. నా మటుకు నాకు పీహెచ్ పక్షం వాదనే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లు ప్రోటీనును కణంలోంచి బయటికి తీసి, శుద్ధి చేసి, ఒక్కొక్కటే తగిలించి చూశారు.

హైపర్ తయారుచేసినవాళ్ల దారిలో దీనికొక విరుగుడుంది. 199వ స్థానంలో సిస్టీన్ తీసేసి సెరీన్ పెడితే పెరాక్సైడ్‌ను పట్టుకునే చెయ్యి తెగిపోతుంది. పీహెచ్‌కు మాత్రం మునుపటిలాగే పలుకుతుంది. దీన్ని సైఫర్ అంటారు. అసలుదాన్నీ దీన్నీ పక్కపక్కన ఒకే ప్రయోగంలో పెట్టాలి. అసలుది మారి ఇది మారకపోతే అది పెరాక్సైడ్. రెండూ మారితే పీహెచ్. 2020లో, అంటే మొదటి హైపర్ వచ్చిన 14 ఏళ్లకు, మెనింజైటిస్ బాక్టీరియా ఆక్సీఆర్‌తో చేసిన హైపర్7 వచ్చింది. అది పీహెచ్ మార్పులకు దాదాపు చలించదు, ఇంకా చురుకైనది. అయినా సరే, జంటగా పెట్టి చూసే అలవాటు మానకూడదనే నేనంటాను.

ఇంతకీ మన హైదరాబాద్‌లో ఎవరైనా ఈ పని చేశారా అని అడుగుతారు మీరు. చేశారండీ, కాస్త వేరే దారిలో. శంషాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలిలో దిగితే హైదరాబాద్ విశ్వవిద్యాలయం. అక్కడ మొక్కల శాస్త్రంలో ప్రొఫెసర్ ఎ.ఎస్. రాఘవేంద్ర, ఆయన విద్యార్థులు ఏళ్ల తరబడి ఆకుల మీది పత్రరంధ్రాలను చదివారు. బఠాణీ ఆకు తీసుకుని అడుగు పొరను సన్నగా ఒలిచి సూక్ష్మదర్శిని కింద పరిస్తే, పెదవుల్లా రెండేసి రక్షక కణాలు, వాటి మధ్య కొద్ది మైక్రోమీటర్ల సందు. నీళ్లు చాలనప్పుడు మొక్క అబ్సిసిక్ ఆమ్లాన్ని పంపిస్తుంది, ఆ రెండూ మూసుకుంటాయి. మూసుకునే ముందు లోపల ఏం జరుగుతుంది? ముందు పెరాక్సైడ్ లాంటివి పెరుగుతాయి, వాటి వెనకాల నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది, అప్పుడు సందు మూసుకుంటుంది. మా ఊరి చుట్టూ మిగిలిన కూరగాయల మళ్లలో మధ్యాహ్నం ఆకు వాలిపోయే ముందు ప్రతి రంధ్రం దగ్గరా జరిగేది ఇదే.

వాళ్లు వాడినవి ప్రోటీన్లు కావు, కణంలోకి ఇంకే రంగు మందులు. డైక్లోరోఫ్లోరసీన్ అని ఒకటి పెరాక్సైడ్ లాంటి దుడుకైన ఆక్సిజన్ రూపాలకు, డాఫ్ అని ఒకటి నైట్రిక్ ఆక్సైడ్‌కు. ఈ రంగులకు లోపాలున్నాయి. మొదటిది పెరాక్సైడ్ ఒక్కదానికే కాదు, చాలావాటికి వెలుగుతుంది. ఒకసారి వెలిగితే మళ్లీ ఆరదు. సూక్ష్మదర్శిని కాంతికే కొంత వెలుగుతుంది. అందుకే వాళ్లు వెలుగును చూసి ఊరుకోలేదు. పెరాక్సైడ్‌ను తినేసే కెటలేజ్‌ను కలిపి చూశారు, నైట్రిక్ ఆక్సైడ్‌ను పట్టేసే మందు వేసి చూశారు, పెరాక్సైడ్‌ను పుట్టించే ఎంజైమును ఆపి చూశారు. వెలుగు తగ్గిందా, రంధ్రం మూసుకోవడమూ ఆగిందా అన్నది కలిపి చదివారు. పనిముట్టు పాతదైనా పద్ధతి నికార్సైనది. రంగుల కంటే ప్రోటీన్లు మెరుగని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. ప్రోటీనును కణంలో ఏ గదిలో కావాలంటే ఆ గదిలో పెట్టొచ్చు, హైపర్ లాంటిదైతే మళ్లీ మామూలు స్థితికి వస్తుంది కూడా. కానీ మెరుగైన పనిముట్టు చేతికొచ్చినంత మాత్రాన జాగ్రత్త తగ్గించుకోవచ్చనుకుంటే ఏమవుతుందో మైటోకాండ్రియా మెరుపుల కథలో చూశాం.

మనదేశం సొంతంగా కట్టుకున్న ప్రోటీనొకటి చెప్పకుండా ఉండలేను. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మనవాళ్లే. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండమీది శానిటోరియం పేరు వింటే మన పెద్దవాళ్లు గొంతు తగ్గించేవాళ్లు. ఆ జబ్బు అంత భయపెట్టింది మన ఇళ్లను. టీబీ క్రిమి మన రక్షణ కణాల లోపలే కాపురముంటుంది. ఆ కణాలు దాని మీద దుడుకైన ఆక్సిజన్ రూపాలను కుమ్మరిస్తాయి. క్రిమి ఎలా తట్టుకుంటోందో చూడాలంటే, అలా తట్టుకునే శక్తిని కొలవడానికి విదేశాల్లో చేసిన ప్రోటీన్లు సరిపోవు, ఎందుకంటే అవి గ్లూటాథయోన్ అనే రసాయనాన్ని ఆధారం చేసుకుని కట్టినవి. టీబీ క్రిమికి గ్లూటాథయోన్ లేదు, మైకోథయోల్ అని వేరొకటుంది. అందుకని ఢిల్లీ ఐసీజీఈబీ, బెంగళూరు ఐఐఎస్సీల్లో పనిచేసిన అమిత్ సింగ్ బృందం మైకోథయోల్‌తో మాట్లాడే మైకోరెడాక్సిన్ అనే ప్రోటీనును, రెండు సిస్టీన్లు చేర్చిన పచ్చ ప్రోటీనుతో అతికించి 2014లో కొత్త పరికరం ప్రకటించింది. రక్షణ కణంలో ఉన్న క్రిములన్నీ ఒక్కలా లేవని దాంతో తేలింది. కొన్ని ఆక్సీకరణం పాలై ఉన్నాయి, కొన్ని మధ్యస్థంగా, కొన్ని ఏమీ అంటనట్టుగా ఉన్నాయి. మందులకు చావకుండా మిగిలేవి ఎక్కువగా ఆ మూడో రకమే. 2019లో వాళ్లే ఇంకో అడుగు వేశారు. రక్షణ కణంలో క్రిమి చుట్టూ పెరిగే ఆమ్లతే ఆ మొండి రకాన్ని పుట్టిస్తోందని చూసి, ఆ ఆమ్లతను తగ్గించే క్లోరోక్విన్‌ను టీబీ మందులకు తోడిస్తే ఎలుకల్లోనూ గినీపందుల్లోనూ మందులు బాగా పనిచేశాయి. మనందరికీ తెలిసిన మలేరియా బిళ్లే! ఇది చదివి ఎవరూ సొంతంగా మింగకండి, మనుషుల్లో వాడకం డాక్టర్లు తేల్చాల్సిన సంగతి.

జబ్బు ఎవరిదో పనిముట్టు వాళ్లే చేసుకోవాల్సి వస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఆ పనిముట్టు కట్టడానికి కావలసిన సరుకు సంగతీ చూడండి. మా ఊరి విమానాశ్రయం కార్గోలో మందులకని ప్రత్యేకంగా చల్లటి విభాగమే ఉంది. జీఎంఆర్ విమానాశ్రయం అలాంటిది దేశంలో ముందుగా పెట్టుకున్నది. జన్యువులు కోసి అతికే ఎంజైములు విదేశాలనుంచి మంచుపెట్టెల్లో వస్తాయి, ఖరీదెక్కువ, దారిలో వేడెక్కితే పాడవుతాయి. కానీ ప్రోటీను రాసి ఉన్న డీఎన్‌ఏకు అంత మర్యాద అక్కర్లేదు. ఒక చుక్క ఫిల్టరు కాగితం మీద ఆరబెట్టి మామూలు కవరులో పెడితే ఖండాలు దాటి వస్తుంది. ఇందాక జన్యువును పట్టుకున్నాడని చెప్పిన ప్రాషర్, తనకు డబ్బు సాయం ఆగిపోయినప్పుడు, ఆ జన్యువును అడిగిన చాల్ఫీకీ చెన్‌కీ పంపేసి ఆ పరిశోధన వదిలేశాడు. వాళ్లకు నోబెల్ వచ్చిన రోజుల్లో ఆయన అలబామాలో ఒక కార్ల దుకాణానికి వ్యాను నడుపుతున్నాడు. చాల్ఫీ, చెన్ ఆయన్ని మర్చిపోలేదు. స్టాక్‌హోమ్ వేడుకకు పిలిపించారు, తర్వాత చెన్ తన ప్రయోగశాలలో పనీ ఇచ్చాడు. ఈ విద్య మొత్తం అడిగినవాడికి లేదనకుండా ఇవ్వడం మీదే నిలబడింది. ప్రాషర్‌కు జరిగింది మాత్రం అన్యాయమేనని నేను గట్టిగా నమ్ముతాను.

రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది, గచ్చిబౌలి పక్క గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్ ఉంది. మన పంటల తెగుళ్లకు, మన జబ్బులకు కావలసిన ప్రోటీన్లు ఇక్కడే కట్టుకోవచ్చు. దానికి తెలివితేటల కొరత లేదు, ఓపికగా కాలనీలు వెతికే చేతులకు నాలుగైదేళ్లు నిలకడగా డబ్బిచ్చేవాళ్లు కావాలి.

మీ ఇంట్లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీయో బయోకెమిస్ట్రీయో చదివే పిల్లలుంటే, పచ్చగా మెరిసే కణం ఫొటో ఫోనులో చూపించినప్పుడు మనసారా మెచ్చుకోండి. మెచ్చుకుని, 199లో సిస్టీన్ తీసేసినదాని ఫొటో కూడా తీశావా అని అడగండి. తీయలేదంటే, అది తీసేదాకా ఆ పచ్చటి ఫొటోను ఎవరికీ పంపొద్దని చెప్పండి.